చీటీల కౌంటరు

పొద్దున ఏడుకే లైను
వేపచెట్టు కాడ్నించి మెట్లదాకా.
పాకాల ప్యాసింజరు దిగినోళ్లు, పీలేరు బస్సు దిగినోళ్లు,
చేతికి పుత్తూరు కట్టుతో, కోడిగుడ్డు వాసనతో ఒకాయన.
అద్దానికున్న కంతలోనించి అందరూ
నొప్పిని నా చేతికిస్తారు.
నేను గది నంబరేసి తిరిగిస్తా.

"గుండె దడ" అంటే పన్నెండు.
"గుండెల్లో మంట" అంటే ఏడు, అది కడుపు.
చేరిన కొత్తల్లో ఈ తేడా తెలీక
ఎంతమందిని తిప్పినానో.
"కండ్లు తిరగతా ఉండాయి" అంటే
కంటి డాక్టరు కాదు, చెవి డాక్టరు.
నమ్మరు. పోట్లాడతారు.
"కడుపు..." అని ఆగి తల వంచుకుంటే
రెండో అంతస్తు, ఆడోళ్ల వార్డు.
మనసు బాగలేదని ఎవరూ చెప్పరు.
నిద్ర రాలేదంటారు. ముప్పై ఒకటి రాస్తే
చీటీ మడిచి జేబులో పెట్టుకోని బస్సెక్కేస్తారు.

మొన్న మంగళవారం చెంగల్రాయులొచ్చినాడు.
కొండమీద కల్యాణకట్టలో
ముప్పై రెండేండ్లు గుండ్లు కొట్టినోడు.
"ఏం బాధ తాతా?"
కుడిచెయ్యి కంతలో పెట్టినాడు.
బొటనవేలు దానంతటదే
లేని కత్తిని తిప్పతా ఉంది.

ఎముకలా, నరాలా అని నేను తేల్చుకునేలోగా
ఆయన గోడమీది బోర్డు కూడబలుక్కుంటా ఉన్నాడు.
"ఇన్ని గదులా పాపా!
మాది ఒకటే గది.
మా నాయన సెగ్గడ్డలు కోసేవోడు, పండ్లు పీకేవోడు.
మాయమ్మ ఊరందరికీ కాన్పులు చేసేది."
కాసేపుండి తనే అన్నాడు:
"మేం తొమ్మిదిమంది పుట్నాం. మిగిలింది ముగ్గురం.
గదులుంటేనే మేలులే."

పద్దెనిమిది రాసినా. నరాలు.

మధ్యాన్నం ఆ గది ఆయా చెప్పింది:
డాక్టరు తెల్లకాయితమిచ్చి
నత్తగుల్ల మాదిరి చుట్లు గీయమన్నాడంట.
గీత అడుగడుగునా వణికిందంట,
కొండ దిగేటప్పటి మోకాలు లెక్కన.
డాక్టరు వంగి కాయితం చూస్తా ఉంటే
చెంగల్రాయులు డాక్టరు తల చూస్తా ఉన్నాడంట.
అలవాటు.
"సామీ, ఎడమ చెవెనక మచ్చుంది.
ఒకపక్కే పెరగతా ఉంది. నీకు కనపడదు.
ఏటేటా నా దగ్గరికే వచ్చే ఒకాయనకి ఇట్లాంటిదే చూసినా.
మరుసటేడు ఆయన రాలా.
కొడుకొచ్చినాడు."

"డాక్టరు నవ్వినాడా?" అంటే
"ఫస్టు నవ్వినాడు" అనింది ఆయా.

నాలుగింటికి, లైను ఖాళీ అయినాక
కంతలో తెల్లకోటు చెయ్యి.
తలెత్తకుండానే అడిగేసినా:
"పేరు? వయసు? ఏం బాధ?"
అందరూ బాధ చెప్పి గది అడగతారు.
ఈయన "తొమ్మిది" అన్నాడు. చర్మం.
బాధ చెప్పలా.

చీటీ అడుగున ఒక గడుంటాది,
పంపిన డాక్టరు పేరు అని.
చెంగల్రాయులు అని రాసినా.
ఆయన చదువుకున్నాడు.
కొట్టేయమనలా.