తరుగు

ఆరాధన అయ్యాక ఎవరూ లేవొద్దన్నారు అయ్యగారు.
ఢిల్లీకి ఒక తీర్మానం పోవాలట,
ఆడా ఆడా, మగా మగా పెళ్ళంటే
మన సంఘం ఒప్పుకోదని.
చేతులెత్తమంటే మొహమాటాలొస్తాయని
ఇశ్రాయేలు మాస్టారు నోటుపుస్తకం చింపి
చీటీలు పంచాడు.
తీర్మానం సరేనంటే 'అవును'. లేకపోతే 'కాదు'.
కానుక సంచీయే ఓట్ల పెట్టె.

నేను మిర్చియార్డులో కాటా గుమాస్తాని.
ముప్పై ఒక్క ఏళ్ళు.
టిక్కీని చూసి గోతానికెంత తరుగో చెప్పేస్తాను.
దొంగకాటా దేవుడికి గిట్టదని నాన్న అనేవాడు,
ముల్లు మీద ఏ రోజూ వేలు పెట్టలేదు.
వాక్యం ఏం చెబుతుందో నాకు తెలుసు.
సండేస్కూల్లో కంఠతా అప్పజెప్పి
స్టీలు గ్లాసు గెలిచినవాణ్ణి.

ఆడవాళ్ళ వైపు మూడో వరసలో
హెప్సిబా, కమల
ఒకే పాటల పుస్తకం పట్టుకుని కూర్చున్నారు.
అరండల్‌పేటలో వాళ్ళ కుట్టుమిషను గది.
బలిపీఠం మీది ఆ తెల్లగుడ్డ అంచు
వాళ్ళు కుట్టిందే. డబ్బు తీసుకోలేదు.
పందొమ్మిదేళ్ళుగా ఒక ఇల్లు, ఒక గ్యాస్ బండ.
ఎవరడిగినా "స్నేహితులమండీ" అంటారు,
అడిగినవాళ్ళూ అక్కడితో ఆపేస్తారు.
మా సంఘానికి ఆపడం బాగా వచ్చు.

పోయిన వానాకాలం, రాత్రి రెండింటికి ఫోను.
పెద్దాసుపత్రి. కమలకి కడుపులో ఏదో పగిలింది.
"ఈమె నీకేమవుతుంది?" అందట నర్సు.
హెప్సిబా నోరు తెరిచి, మూసి,
చివరికి నాకు చేసింది.
లుంగీ మీదే పరిగెత్తాను.
కాగితంలో 'సంబంధం' అన్నచోట
'అన్న' అని రాసి సంతకం పెట్టాను.
ఆమెకి నేనేమీ కాను.
నా బతుకులో దొంగతూకం అదొక్కటే,
ఏ తరుగు కింద రాసుకోవాలో ఇప్పటికీ తెలీదు.
నిజం చెప్పాల్సిన మనిషి
గోడవారన, తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

ప్రభువా, నన్ను తొందరపెట్టకు.
అక్కడ ముందు ఇద్దరు ఆడవాళ్ళు,
అయ్యగారు ప్రమాణం చదివిస్తూ...
నా బుర్రకి ఆ బొమ్మ ఇంకా ఎక్కదు.
పోయిన మా దీవెనమ్మ ఇవాళ ఉంటే నెత్తిన మొట్టేది,
ఎందుకని మొట్టేదో మాత్రం చెప్పలేను.
నేనడిగేది చర్చి సంగతి కాదు,
ఆసుపత్రి కాగితంలో ఆ గడి సంగతి.
అందులో రాసుకోడానికి వాళ్ళకంటూ ఒక మాటుంటే
నాకా అబద్ధం తప్పేది.
ఇంతేనా అని నువ్వడిగితే
ఇంతే, ఇప్పటికి.

పెన్సిలు మొద్దుది. 'కాదు' అని రాశాను.
నాలుగు మడతలు. చాలదనిపించి ఎనిమిది.

లెక్కపెడుతున్నారు. అవును, అవును, అవును.
మాస్టారి గొంతు ఎక్కం చదివినట్టు సాగుతోంది.
ఒక చీటీకి మడతలు విప్పీ విప్పీ
చదవబోయి
తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. కళ్ళజోడు తీశాడు.
ఏ సబ్బు పెట్టి కడిగినా
ఈ వేళ్ళలోంచి కారం పోదు.

సంఘమంతా మెల్లగా నా వైపు తిరిగింది.
మూడో వరస తప్ప.
హెప్సిబా పాటల పుస్తకంలో ఏదో పేజీ వెతుకుతోంది,
ఆరాధన ఎప్పుడో అయిపోయాక.