ఎడమ భుజం

ఈద్ అయిపోయిన మూడోనాడు
మత్రాలో మా దుకాణం పెండ్లి ఎల్లిన పందిరి లెక్క.
నేల మీద తెల్లదారాలు.
ఊడ్చే ఓపిక ఎవలికీ లేదు.
ముప్పై రాత్రులు డిష్‌డాషాలు కుట్టినం,
మెడకాడ కుచ్చులు ఏలాడేసినం,
కుచ్చులకు అత్తరు ఎవరిది వాళ్ళు అద్దుకున్నరు.

ఖర్జూరపండు రంగు గుడ్డ ఒకటి మిగిలింది.
కొలతలిచ్చినాయన మళ్ళ రాలే.
"భాయ్, నీకు అంగీ కుడుత" అన్నడు షఫీకుల్,
సిల్హెట్ పిలగాడు, చేతికి సూది ఇంక అలవాటు గాలే.
"నేర్చుకుంటందుకు ఒక మనిషి గావాలె గదా."

నిలబడ్డ.
పందొమ్మిదేండ్లల్ల టేపుకు అటు దిక్కు నిలబడుడు ఇదే మొదలు.
చేతులు ఏడ పెట్టాల్నో తెల్వలే.
రోజుకు ఇరవైమందికి చెప్పేటోణ్ణి
"ఊపిరి బిగవట్టకు, మామూలుగ నిలబడు" అని.
మామూలుగ నిలబడుడు ఎంత కష్టమో!
పొట్ట లోపలికి గుంజుకున్న.
పిలగాడు నవ్విండు.

"ఛాతి నలభై రెండు."
నలభై అని నేను.
జగిత్యాలల బస్సెక్కిననాడు నలభై, గప్పటిసంది అదే.
"ఎడమ భుజం ఒక వేలు కిందికుంది భాయ్."
టేపు సక్కగ వట్టుకోరా అని గద్దించిన.
మళ్ళ కొలిచిండు. మూడోసారీ అదే వేలు.
టేపుకు మొహమాటం లేదు.

ఆ రాత్రి నిద్ర వట్టలే.
మంచం మీద ఏసీ చుక్క చుక్క కారుతుంది.
మిషన్ మీద వంగి వంగి భుజం జారింది, సరే, అది ఒంటి సంగతి.
లోపల ఏమేం జారిందో ఎవలు కొల్వాలె?

నాతోటి వచ్చిన గంగాధర్ దుబాయిల సూపర్‌వైజర్ అయితె
వారం రోజులు నాకు కూర ఉప్పగుండె.
ఇద్దరు మెల్లగ మాట్లాడుకుంటె నా గురించే అనుకునేటోణ్ణి.
నర్సవ్వ ఫోన్ల "మంచిగున్నవా" అంటె
"ఏం మంచి" అనుడే నా జవాబు.
ఆమె అడుగుడు ఎప్పుడు బందువెట్టిందో యాదికి లేదు.
దుకాణం ఇరుకు, సేటు పిసినారి, ఎండ పాడెండ,
లెక్క రాసుకుంట పోతె అందరి పేర్లున్నయి
నా పేరు ఒక్కటే లేదు.

ఒకసారి ముసలి ఖల్ఫాన్ డిష్‌డాషా చేతులు
రెండు వేళ్ళంత పొట్టిగ కత్తిరించిన.
తప్పు కత్తెర మీద పెట్టిన.
ఆనాడు నా మనసు గంగాధర్ జీతం కాడుండె.
ఆయన తొడుక్కుని, చేతులు గాలిల ఊపి,
"మంచిగైంది, చేపలు కడిగితె తడవది" అని
పూర్తి పైసలిచ్చి పోయిండు.
పిచ్చోడు అనుకున్న.
ఇప్పుడు ఆ మాటకు
చీకట్ల ఒక్కణ్ణే నవ్విన.

అంగీ అయింది. కాజాలు వంకర, ఒక గుండీ ఎగుడు.
గని ఎడమదిక్కు ఒక వేలు దించిండు పిలగాడు.
తొడుక్కుంటె కాలరు మెడను గుంజలే.
పందొమ్మిదేండ్లు
ఆ గుంజుడును నేను
పరాయి దేశం అనుకున్న.

సాయంత్రం కార్నిష్ మీద ఇద్దరం.
వంద బైసల కరక్ చాయ్, పెదవి కాలింది.
రేవుల ఓడ ఒకటి మొద్దుగ కూసింది.
సుఖమంటె ఇదేనా అని అడగబోయి ఆగిన.
అడిగితె మళ్ళ కొలుసుడే అయితది.
గాలి అంగీల దూరింది. దూరనిచ్చిన.

నర్సవ్వకు ఫోను చేసిన.
ఆమె ఏం అడగలే. నేనే చెప్పిన అంగీ సంగతి,
కాజాల సంగతి గూడ.
షఫీకుల్‌కు కూలి పూర్తిగ ఇచ్చిన, బేరం చెయ్యలే.

కొలతల బుక్కు తీసి వేలమంది కింద రాసిన:
బుచ్చిలింగం. ఛాతి నలభై రెండు.
ఎడమ భుజం ఒక వేలు కిందికి.
కోపం అని రాయబోయి, కొద్దిసేపు ఆగి,
ఆ గడి ఖాళీగ ఇడిసిపెట్టిన.
పెన్సిల్ తోటే రాసిన. మారేటివి గదా.

"భాయ్" అంటుండు ఎనుకనుంచి,
"ప్యాంటుకు ఎప్పుడు నిలబడుతవ్?"