అరువు గొంతు

ఆ పిల్ల ఏడుపు నాది.
బెయోలులో, మూడో అంతస్తులో,
చప్పుడు మింగడానికి గోడలకి గోనెపట్టాలు కొట్టిన గదిలో
ముప్పై నాలుగేళ్ళ నేను
సిగరెట్ ఆర్పి, గుక్కెడు నీళ్ళు తాగి
ఏడేళ్ళ గుల్సెరెన్‌గా ఏడ్చేదాన్ని.

తెర మీద ఆమె పెదవి కదిలినంత సేపు
నా నోరు కదలాలి, అంతే పని.
"నాన్నా, వెళ్ళకు" అని పదకొండు సినిమాల్లో అన్నాను.
నాన్న పదకొండుసార్లూ వెళ్ళాడు.
హాల్లో ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు పిండుకున్నారు.
నాకు రీలుకింత అని ఇచ్చేవారు.
ఆమెకెంతో ఆమెకీ తెలీదు,
వాళ్ళమ్మ చేతిసంచీకి తెలుసు.

బజారులో బుగ్గ గిల్లి
"ఏదీ, ఆ మాట ఒక్కసారి" అనేవాళ్ళట జనం.
బయట నోరు తెరవకని తల్లి ఆన.
పిల్లకి ఎంత పొగరో అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఒక్కసారి చూశాను తనని.
షూటింగ్ మధ్యలో పాలపన్ను ఊడింది.
నిన్న తలుపు తట్టిన పాపకి పన్నుంది,
ఇవాళ తలుపు తెరుచుకునేసరికి లేకపోతే ఎలా?
బియ్యపుగింజంత పన్ను చేయించి అతికించారు.
దాంతో మాట ఈలలా జారింది.
ఎవరికేం, మాట నేను కదా.
ఊడిన పన్నుని గుప్పెట్లోంచి తీసి చూపించింది.
"ఇది నాది" అంది.
ఆమె గొంతు వినడం నాకదే మొదలు.
బొంగురుగా, కుండలో గులకరాయి దొర్లినట్టు.

పన్నెండో ఏట ఎదిగింది.
ఎవర్నీ అడక్కుండా ఎదిగింది.
తల్లి ఛాతీకి గుడ్డ బిగించి కట్టింది,
మడమల్లేని చెప్పులు కొనిపెట్టింది.
నిర్మాతలు ఆమెని గుమ్మంతో పోల్చి చూసి
ఇంకో పాపని వెతుక్కున్నారు.
ఆ పాపకీ నా గొంతే.
దీనికి సిగ్గుపడాలని నాకు చాలాకాలానికి తెలిసింది.

తర్వాత ఆమె ఉందంటే ఉంది.
బుర్సాలో కర్టెన్ల దుకాణానికి రిబ్బను కత్తిరింపు,
ఒక పెళ్ళి, ఒక విడాకుల వార్త;
పత్రికలో చిన్నప్పటి ఫొటో పెద్దగా,
ఇప్పటిది గోరంత.

టీవీ సీరియల్లో వంటామె వేషమిచ్చారు.
అప్పటికి మాటలు సెట్లోనే పట్టేస్తున్నారు,
నా అవసరం లేదు.
నలభై ఒకటో ఏట
దేశం మొదటిసారి ఆమె గొంతు వింది.
"సూప్ చల్లారిపోతోంది."
ఆ ఒక్క మాటకి చానెల్‌కి సంచీడు ఉత్తరాలు.
ఎవరిదీ గొంతు?
మా గుల్సెరెన్ గొంతేం చేశారు?
ఈ దొంగ గొంతు తీసేయండి.

ఆ సంచీ మోసుకుని, కాదికోయ్‌లో ఫెర్రీ దిగి
వానలో మా ఇంటికొచ్చింది.
తిడుతుందనుకున్నాను. టీ పోశాను.
మూడు చక్కెర బిళ్ళలేసుకుంది.
"ముజెయ్యెన్ అక్కా, నేర్పించు."
"ఏం?"
"నాలా మాట్లాడటం."

నేర్పిద్దామనే కూచున్నాను, ఒట్టు.
"నాన్నా" అనబోతే
అరవై ఎనిమిదేళ్ళ గొంతులోంచి పిల్ల రాలేదు, దగ్గొచ్చింది.
ఆమె నవ్వి, నా వీపు నిమిరి
తనే అంది ఆ మాట,
కుండలో రాయి దొర్లుతుంటే, నెమ్మదిగా, ఎవర్నీ ఆపాలని లేనట్టు.

నేను కెటిల్ కింద మంట తగ్గించాను.
ఇంకోసారి అనమన్నాను.

"రీలుకెంతిస్తావు?" అంది.