యాష్ అంటే బూడిద కాదు

పొద్దున ఆరున్నర. లెమ్‌స్టర్ దారిలో
లారీ హీటర్ ఇంకా పళ్ళు కొరుకుతోంది.
డెన్‌జిల్ ప్రోసర్ ఒళ్ళో టీ ఫ్లాస్కు, నా కాళ్ళ దగ్గర రంపం,
వెనక చిప్పర్ గొలుసుల చప్పుడు.
ఇవాళ చర్చి గోడ పక్కన యాష్ చెట్టు.

యాష్ అంటే బూడిద కాదు, చెట్టు పేరు.
తొమ్మిదేళ్ళప్పుడు ఈ ఊరి బడిలో
గీయమంటే నేను బూడిదే గీశాను,
పొయ్యితో సహా, పొయ్యి పక్కన పిల్లితో సహా.
మిస్ ట్రంపర్ నవ్వలేదు.
భుజం పట్టుకుని కిటికీ దాకా నడిపించి
చూపించింది.

ఆ చెట్టే ఇది.
చివర్లు ఎండి, బెరడు మీద
చెక్కినట్టు నాలుగు మూలల మచ్చలు.
ఓక్ విరిగేముందు మూలుగుతుంది.
విల్లో చిరుగుతుంది, పాత లుంగీలాగా.
రోగమొచ్చిన యాష్ మాట వరసకైనా చెప్పదు.
అందుకే ఎక్కను. క్రేను బుట్టలో నిలబడి కోస్తాను,
పరాయివాడిలా.

తాత బుచ్చిలింగం
భువనగిరి అవతల తాళ్ళు గీసినోడు.
ఒక్కసారే వచ్చాడు ఇక్కడికి, అమ్మ నైట్ డ్యూటీల కాలంలో.
నా జీను, కొక్కేలు, హెల్మెట్టు
మంచం మీద పరిచి
పెండ్లి సామాను లెక్కన చూశాడు.
"గింత ఇనుమెందుకు బిడ్డా?
మోకు, ముత్తాదు, కాళ్ళకు గుజి. అంతే గద."
తోటలో ఓక్ మీద చెయ్యి వేసి అడిగాడు:
"దీనికి కల్లు వస్తదా?"
రాదన్నాను.
"మరెందుకు ఎక్కుతున్నవ్?"

జవాబు ఇప్పటికీ లేదు.
ఇన్‌వాయిస్ ఉంది.

ఆయన ఒకసారి పడ్డాడు, నేను పుట్టకముందు.
భుజం ఎముక వంకరగా అతుక్కుంది.
పడ్డ చెట్టునే మూడో నెలలో మళ్ళీ ఎక్కాడట.
ఆ సంగతి ఆయన చెప్పలేదు, అమ్మమ్మ చెప్పింది,
ఇంకా కోపం తగ్గకుండానే.
వెళ్ళేరోజు నా తాడులో ఒక ముడి విప్పి
తనది వేసి చూపించాడు.
టూల్ డబ్బా ఇప్పటికీ ఆ ముడితోనే కడతాను.
ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకండి.

మంగళవారం సాయంత్రాలు మాత్రం
నేను వేరే తాడు పట్టుకుంటాను.
గోపురంలో ఆరు గంటలు, కింద ఆరుగురం.
ఐవర్ గాఫ్‌కి ఎనభై మూడు, చెవులు పోయాయి,
వరస తప్పడు.
పాటలు వాయించం మేం. అంకెలు కలుపుతాం:
ఒకటి రెండు మూడు నాలుగు అయిదు ఆరు
రెండు ఒకటి నాలుగు మూడు ఆరు అయిదు
పేకముక్కల్లాగా, పొలాలన్నీ వినేట్టు.
దేవుణ్ణి నమ్ముతావా అని ఎవరూ అడగరు.
తాడు ఎప్పుడు వదలాలో తెలుసా అని అడుగుతారు.
మొదటి వారం తెలియలేదు. అరచేతులు కాలాయి.
అమ్మ వెన్న రాస్తూ, "అచ్చం నాయన చేతులే" అంది,
తిట్టో మెచ్చుకోలో తేలలేదు.

మధ్యాహ్నానికి చెట్టు లేదు.
ఆకాశం అక్కడ మరీ ఎక్కువగా ఉంది.
బడి పిల్లలు కంచె దగ్గర చెవులు మూసుకుని నిలబడ్డారు.
మొద్దు మీద మోకాళ్ళూని వలయాలు లెక్కపెట్టాను,
బయటినుంచి లోపలికి.
ముప్ఫై రెండో గీత, నా తొమ్మిదో ఏడు,
సన్నగా, దాదాపు కనపడకుండా.
ఆ ఏడు వానల్లేవేమో. నాకు గుర్తులేదు.
నాకు గుర్తున్నదల్లా చలి.

యాష్ పచ్చిగానే మండుతుంది, తక్కిన కట్టెల్లా కాదు.
సాయంత్రం ఒక బండెడు ఐవర్ ఇంటికి తోలాం.
ఆయన పొయ్యి ముట్టించాడు, నేను బూట్లు విప్పాను.
కాసేపటికి ఎర్రటి కొసలు తెల్లబడి
మెత్తగా రాలడం మొదలైంది.
ఒంటి కన్ను పిల్లి ఒకటి ఎక్కణ్ణించో వచ్చి
సరిగ్గా అక్కడే, ఎడమ పక్కనే, కూర్చుంది.

మిస్ ట్రంపర్‌కి చూపిద్దామంటే ఆమె లేదు.
ఐవర్‌కి చెబుదామంటే వినపడదు.
గుమ్మంలో డెన్‌జిల్
చిప్పర్ అద్దె సంగతి అడుగుతున్నాడు.