పసుపు చుక్కలు

నార్వే పడమటి ఫ్యోర్డుల్లో
రోడ్డు పోని ఊళ్లకి మా పడవ పోతుంది.
ఆరువేల పుస్తకాలు, ఒక కాఫీ కెటిల్.
ఓస్లౌగ్‌ది పుస్తకాల పని, నాది తాళ్ల పని.

ఈ చలికాలం పట్నం ఆఫీసు నుంచి ఒక కవరొచ్చింది.
అందులో పసుపు చుక్కలు, వెనక జిగురున్నవి,
రెండు వందల నలభై.
చావు ఉన్న పుస్తకానికొకటి, దెబ్బలున్నదానికొకటి,
తాగొచ్చే తండ్రి ఉన్నదానికొకటి అతికించమని,
పదమూడేళ్ల లోపు పిల్లల కోసమని,
కింద ఎవరిదో అర్థంకాని సంతకం.

రెండు రాత్రులు కూర్చుంది ఓస్లౌగ్.
"ఇందులో కుక్క చచ్చిపోతుంది.
కుక్క చావు లెక్కలోకొస్తుందా?"
మా కుక్క పోయినప్పుడు మూడు రోజులు
తాడుకి సరైన ముడి వెయ్యలేకపోయానన్నాను.
అతికించింది.
"ఇందులో అమ్మమ్మ. ఎనభై తొమ్మిదేళ్లు. నిద్రలో."
కాఫీ చల్లారిపోయేదాకా వాదించుకున్నాం.
తెల్లారేసరికి చుక్కలైపోయాయి,
చావులు ఇంకా మిగిలే ఉన్నాయి.

నేను హెచ్చరికల పక్షం.
ముప్పై ఏళ్లుగా రేవులోకొచ్చేటప్పుడు
ఎర్రదీపం ఎడమన, పచ్చదీపం కుడిన
ఉన్నాయో లేదో చూసుకుని బతికినవాణ్ణి.
ఇక్కడ రాయుందని చెప్పే దీపాన్ని
పిరికిదని ఎవరైనా అంటారా?
అది దారి మూసెయ్యదు కదా, అన్నాను.
ఓస్లౌగ్ అంది:
"నీ రాయి కదలదు.
పుస్తకంలో రాయి
ఒక్కో పిల్లకి ఒక్కోచోట తగులుతుంది."

మొదటి రేవులో తర్యేయ్ ఎక్కాడు.
ఎనిమిదేళ్లు, ఎప్పుడూ కారే ముక్కు.
చుక్కలున్నవే ఏరి ఏరి పదకొండు తీశాడు.
"మంచివాటికి గుర్తు పెట్టారు, థాంక్స్" అన్నాడు.
ఓస్లౌగ్ నా వంక చూసింది.
నేను తాడు వంక చూశాను.

మూడో రేవులో యోరున్.
పోయిన అక్టోబరులో వాళ్ల నాన్న పడవ దొరికింది,
నాన్న దొరకలేదు.
వెతకడానికెళ్లిన వాళ్లలో నేనూ ఉన్నాను.
క్రితంసారి పట్టుకెళ్లిన పుస్తకం తిరిగిచ్చింది.
అట్ట మీద గొర్రెపిల్ల, గడ్డి, ఎండ.
అప్పటికింకా చుక్కలు రాలేదు.
వచ్చినా ఆ అట్ట చూసి ఎవరనుకుంటారు,
నూట పన్నెండో పేజీలో
ఒక మామయ్య వల లాగుతూ లాగుతూ
నీళ్లలోకి పోతాడని?
ఓస్లౌగ్‌కి అప్పుడు గుర్తొచ్చింది.
మొహంలో నెత్తురు లేదు.
"చదివావా?"
"రెండుసార్లు. మొదటిసారి మధ్యలో ఆపేసి
బూట్ల అలమరాలో పెట్టాను.
నాలుగు రోజులు అక్కడే ఉంది."
అంతే చెప్పింది. ఇంకో మూడు పుస్తకాలు తీసుకుని
మెట్ల మీది మంచుని తన్నుకుంటూ పోయింది.

పడవ కదిలాక ఆ పేజీ వెతికాం.
దానికి ముందు పేజీ అడుగున, పెన్సిల్‌తో,
గీత దాటకుండా రాసిన గుండ్రటి అక్షరాలు:

'తర్వాతి పేజీలో మామయ్య చనిపోతాడు.
వెంటనే తిప్పకు.
ఇంట్లో ఎవరైనా ఉంటే వచ్చి కూర్చోమను.
నూట ఇరవైలో గొర్రెపిల్ల దొరుకుతుంది.
మామయ్య దొరకడు.
అయినా చదవచ్చు.'

పుస్తకాల్లో రాతలు కనబడితే తుడిచెయ్యాలని రూలు.
రబ్బరు నా చొక్కా జేబులో ఉంటుంది,
మ్యాపు మీద పాత దారులు చెరపడానికి.
ఓస్లౌగ్ చెయ్యి చాపింది.
కెటిల్ పొంగుతోందని చెప్పి
నేను వంటగదిలోకి పోయాను.
కెటిల్ కింద అసలు మంటే లేదు.

తిరిగొచ్చేసరికి పుస్తకం అరలో ఉంది.
ఏం చేసిందో నేనడగలేదు, తను చెప్పలేదు.
ఒకటి మాత్రం తెలుసు:
దాని మీద చుక్క లేదు.
తర్యేయ్ దాన్ని ముట్టుకోడు.