రెండో ఆల్బమ్

మిర్యాలగూడ రైస్‌మిల్లు వెనక,
ఊక కుప్ప పక్కన
ఒక్క ఇయర్‌ఫోను, చెరో చెవి.

"తుప్పు బ్యాండంటే మొదటి ఆల్బమే,"
అంటడు ఫయాజ్.
"డ్రమ్ము పగిలినట్టుండె, గొంతు గీరుకపోయినట్టుండె.
ఇప్పుడేంది, ఇస్త్రీ చేసిన అంగి లెక్క!"

"పైసలొస్తే పాట చెడ్డట్టేనా?"
లింగస్వామి లేచి కూసుంటడు.
"మూడో పాటల ఆ బేస్ గిటారు విన్నవా,
మా పాత ట్రాక్టరు చలిల స్టార్టయినట్టు..."

"ట్రాక్టరుకు టికెట్ కొంటవా?"

రెండు దినాలు మాటల్లేవు.
ఇయర్‌ఫోను ఫయాజ్ జేబుల,
పాటలున్న ఫోను లింగస్వామి జేబుల.

మూడో రాత్రి, నైట్ డ్యూటీల,
మిల్లు జల్లెడ
ఉన్నట్టుండి తాళం తప్పింది.
ఇద్దరూ ఒక్కసారే తలెత్తిండ్రు.

"గిది మొదటి దాంట్ల లేదు."

"రెండో దాంట్ల గూడ లేదు...
ఉష్, ఆపకు, ఇననియ్."