అద్దె దయ్యాలు

నరసాపురం రేవుకెళ్ళే దారిలో, సైకిల్ షాపు పక్కన
మా నాన్న అద్దె పుస్తకాల కొట్టు.
రోజుకి అర్ధరూపాయి.
డిటెక్టివులు కింది అరలో, సంసారాలు మధ్యలో,
దయ్యాలు పైన, పిల్లలకందకుండా.
స్టూలెక్కి దించేదాన్ని మాత్రం నేనే.

వాటిలో ఆడమనుషులు రెండే రకాలు.
ఒకత్తి మొదటి పేజీలో దీపం పెడుతూ భయపడుతుంది,
నూట ఎనభయ్యో పేజీలోనూ ఆ భయంతోనే ఉంటుంది.
రెండోది డచ్చివాళ్ళ పాడు బంగళాలోంచి వస్తుంది.
జుట్టు విరబోసుకుని, తెల్లచీర,
ముందు గజ్జెలు, వెనక మనిషి.
ఆవిడకి ఆకలుంటుంది. నేరమంతా అదే.
ఆఖర్న మాంత్రికుడొస్తాడు,
నిమ్మకాయలు, రాగిరేకు, జానెడు మేకు.
నడినెత్తిన దిగ్గొట్టి, సీసాలో బిగించి
వశిష్ఠలో పారేస్తాడు.
మొదటిదానికి పెళ్ళవుతుంది.

పదిహేడేళ్ళొచ్చేదాకా నాది మాంత్రికుడి పక్షమే.

సఖినేటిపల్లి నుంచి పంటు మీద వచ్చేది
కొప్పనాతి మంగతాయారు.
లేసు అల్లేది. డజనుకింతని ఏజెంటు లెక్క,
"ఇంట్లో కూచునేగా" అని అందులో కోత.
బుధవారం బుధవారం రెండు దయ్యాల్ని తీసుకెళ్ళేది
సంచిలో, దారపుండల మధ్య.

తిరిగొచ్చాక వాటి అంచుల్లో పెన్సిలు రాతలు,
ఉండీ లేనట్టు.
"ఈవిణ్ణి చంపిందెవరో చెప్పవేం ముందు?"
"పగలంతా ఎక్కడుంటుంది పాపం?"
"రాత్రి పదింటికి ఒక్కత్తీ ఏటిగట్టు మీద నడిచింది.
చచ్చాకే కుదురుతుందా ఇది?"
ఒక పుస్తకంలో
ఆమె అతని చొక్కా గుండీలు తనే విప్పింది
అన్న వాక్యం కింద గీత,
గీత కింద ఇంకో గీత,
పక్కన ఒకే ఒక్క మాట: "ఆయ్."

ఆ రాత్రి దుప్పట్లో, టార్చిలైటు వెలుగులో
ఆ రెండు గీతల మీదా వేలు నడిపించాను.
నా ఒంట్లోనూ ఒక బంగళా ఉందని,
లోపలెవరో గదులు తెరుచుకుంటూ తిరుగుతున్నారని
అప్పుడు తెలిసింది.
భయమేసింది. ఊరికే భయం కాదది.

తర్వాత తగువులు మొదలయ్యాయి. ఆఖరి పేజీలుండట్లేదని.
"దయ్యం పోయిందా లేదా, మాస్టారూ?"
అని కోర్టు గుమాస్తా కౌంటరు గుద్దాడు.
నాన్న ఎలకల్ని తిట్టాడు.
మేకు దిగే పేజీలే తినే ఎలకలేవో
చూసొద్దామని నేను పంటెక్కాను.

అరుగు మీద కూచుని అల్లుతోంది.
ఒళ్ళో దారపుండ తరిగి తరిగి
నడిమధ్యన కాగితం మడత బయటపడుతోంది.
అక్షరాలు పోల్చాను: "హ్రీం" దాకా కనిపించింది.
లోపల్నుంచి మగగొంతు అన్నానికి పిలిచింది.
ఆమె వరస పూర్తయ్యేదాకా తలెత్తలేదు.
"రోజుకి అర్ధరూపాయి ఇచ్చి
ఆవిణ్ణి నేనే చంపించుకోవాలా, చెప్పమ్మా?"

జరిమానా అడగలేదు.
పద్దులో ఎలకలనే రాశాను.

కొట్టు పోయింది, ఆమె ఏమైందో తెలీదు.
మా అటక మీద నలభై మూడు దయ్యాలు,
ఒక్కదానికీ మేకు పడలేదు.
మొన్న చెదల మందు కొట్టే కుర్రాడు
దుమ్ము దులిపి, తిరగేసి,
"చివర్లు లేనివి ఎందుకండీ ఇవన్నీ?" అన్నాడు.
"అందుకే" అన్నాను.